చెయ్యి కలిపాక

కత్తులు కంపెనీయే ఇచ్చింది. కొక్కెంలా వంగిన మొన, పసుపుపచ్చ పిడి. ఇళ్ల కప్పుల మీద తారు అట్టలు కోయడానికి వాడే కత్తులు. అట్టపెట్టె నిండా తెచ్చి మా ఓనరు దెలపోర్త్ నా లారీ బానెట్ మీద పెట్టాడు.

"తలా ఒకటి తీసుకోండి. రేపట్నుంచి గుడారాలు కొయ్యాల్సింది మీరే" అన్నాడు.

ఆ మాట అనడానికి కాస్త ముందు మేం ఏం చూశామో చెబుతాను. ఓడరేవులో బరువులు మోసేవాళ్లూ, కాలేజీల్లో చదువుకునే పిల్లలూ, ఇది ముఖ్యంగా మీరు వినాలి. రేపు మీ చేతుల్లోనూ ఎవడో ఒకడు ఇలాంటి పెట్టె పెడతాడు.

మాది పాత కట్టడాలు కూల్చే ముఠా. నేను, జోస్లిన్‌ని, లారీ నడుపుతాను. ఎవరికీ పర్మనెంటు ఉద్యోగం లేదు. దెలపోర్త్ పిలిస్తే పని, లేకపోతే ఇంట్లో కూర్చోవడం. ఆ రోజు పొద్దున ఇసుక దిబ్బల వెనక చెత్త ఎత్తాలని, మంచినీళ్ల కుళాయిలు బిగించాలని చెప్పి మమ్మల్ని పంపాడు. ఆ దిబ్బల వెనక సముద్రం దాటి ఇంగ్లండు పోదామని వచ్చినవాళ్లు గుడారాలు వేసుకుని ఉన్నారు. ఎక్కువమంది సూడాన్ వాళ్లే. మా నారింజ రంగు కోట్లు చూడగానే, కుళాయిల వాళ్లొచ్చారని సంబరంగా బయటికొచ్చారు.

ఈ ఉత్తరాది తీరంలో పనిలోకి వచ్చినవాడు ముందు అక్కడున్న ప్రతి మనిషికీ చెయ్యి కలుపుతాడు. ఎంతమంది ఉన్నా సరే, ఒక్కరిని కూడా వదలడు. చెయ్యి మురికిగా ఉంటే మణికట్టు చాపుతాడు, అవతలివాడు అదే పట్టుకుని ఊపుతాడు. చెయ్యి ఇవ్వలేదంటే ఆ మనిషితో తగువు పడ్డట్టే లెక్క. మా ముఠాలో పెద్దవాడు స్తానీ. అలవాటు ప్రకారం ముందుకెళ్లి వరసగా చేతులు కలపడం మొదలెట్టాడు. వెనకే మేమూ కలిపాం. మమ్మల్ని అసలెందుకు పంపారో మాకే తెలియకుండా ఆ శిబిరం మొత్తానికీ చేతులు కలిపేశాం.

రొట్టెల పిండి పిసుకుతున్న ఒక పొడుగాటి మనిషి లేచి, పిండి అంటిన చెయ్యి వెనక్కి పెట్టుకుని మణికట్టు చాపాడు. స్తానీ ఆగిపోయాడు.

"ఇదెవరు నేర్పారయ్యా నీకు?"

"లిల్ పట్నంలో బిల్డింగు పని చేశానన్నా. కాగితాల్లేవని తరిమేశారు. నా పేరు తిజానీ."

"మమ్మల్ని కాగితాలున్నా తరిమారులే" అని నవ్వి స్తానీ ఆ మణికట్టు గట్టిగా ఊపాడు.

అప్పుడొచ్చాయి పోలీసు వ్యాన్లు. మాట లేదు, హెచ్చరిక లేదు. ముందు కళ్లు మండే గ్యాసు వదిలారు. దాని వెనక ముసుగులేసుకున్న ఇంకో కాంట్రాక్టు ముఠా దిగి, మనుషులు లోపల ఉండగానే గుడారాలు చీల్చడం మొదలెట్టింది. ఒక గుడారంలో జ్వరంతో ఉన్న కుర్రాడు పడుకుని ఉన్నాడు. తిజానీ దాని గుంజ పట్టుకుని అడ్డంగా నిలబడ్డాడు. "లేపుతాను, ఒక్క నిమిషం ఆగండి" అంటున్నాడు. ఆ గుంజ మీదున్న చేతి మీదే లాఠీ పడింది. మళ్లీ పడింది. ఎముక విరిగిన చప్పుడు లారీ దగ్గర నిలబడ్డ నాకు వినిపించింది. గుంజ వదిలిన తర్వాత కూడా కొట్టారు. పిండి గిన్నె తిరగబడి ఇసుకలో కలిసిపోయింది. ఆ పిండిలో రక్తం పడింది. చెత్త అని మమ్మల్ని ఎత్తమన్నవి దుప్పట్లు, చెప్పులు, పిల్లల పాలసీసాలు.

దెలపోర్త్ కత్తుల పెట్టె తెచ్చింది ఆ తర్వాతే. ఆ ముసుగుల ముఠా వేరే ఊరు పోతోందట. శీతాకాలమంతా ఈ కాంట్రాక్టు మనదేనట. ఆయన మొహంలో పెళ్లికళ.

సాయంత్రం షెడ్డు పక్కన బంగాళాదుంప వేపుళ్ల బండి దగ్గర అందరం చేరాం. వేపుళ్లు చల్లారిపోతున్నా ఎవరూ ముట్టలేదు. ముందు నోరు విప్పింది రెమీ. వాడి పాపకి ఇంకా పళ్లు కూడా రాలేదు.

"నేను పని చేస్తానక్కా. మీకు నచ్చినా నచ్చకపోయినా సరే. చలికాలం పని లేకపోతే నా పెళ్లాం పిల్ల ఏం తినాలి? ఇసుక తినాలా?"

"గుడారం లోపల మనిషుంటే?" అన్నాను.

"లేపి కోస్తాను."

"తిజానీ కూడా అదే అడిగాడు. లేపనిచ్చారా?"

వెనకనుంచి ఇంకొకడు అందుకున్నాడు. "అసలు వాళ్లకీ మనకీ ఏం సంబంధం? మన ఊళ్లో మనకే దిక్కు లేదు. మనం కొయ్యకపోతే ఇంకోడు కోస్తాడు."

స్తానీ వేపుళ్ల పొట్లం పక్కన పెట్టాడు. ఓడల కర్మాగారం మూసేసిన రోజున గేటు ముందు దెబ్బలు తిన్నవాడు. అప్పుడు విరిగిన పక్కటెముక చలికాలం వస్తే ఇప్పటికీ సలుపుతుంది. అది పట్టుకునే లేచాడు.

"మన యార్డుకి తాళం వేసింది ఎవడ్రా? సూడాన్ నుంచి వచ్చి వేశాడా? ఆ రోజు నన్ను కొట్టిన లాఠీ, ఇవాళ అతన్ని కొట్టిన లాఠీ ఒకటే. తాళం వేసినవాడికి చెయ్యి ఇస్తాం, దెబ్బ తిన్నవాడి మీద కత్తి దూస్తాం. సిగ్గు లేదా మనకి?"

"సిగ్గు కడుపు నింపుతుందా పెద్దాయనా?" అన్నాడు రెమీ.

"నింపదు. పని పోతే నీకేం ఇవ్వగలనని నన్నడుగు, నా దగ్గరా ఏం లేదు. ఉంటే పంచుకుంటాం, లేకపోతే కలిసి పస్తుంటాం. కానీ పొద్దున అతనికి చెయ్యి ఎందుకిచ్చావు?"

"అలవాటు కొద్దీ."

"రేపు అలవాటు కొద్దీ కోస్తావా మరి?"

ఇంకోడు కోస్తాడన్నవాడి వైపు తిరిగాడు స్తానీ. "ఇంకోడు వస్తే రానీ. వాడిక్కూడా చెబుదాం. ఇక్కడ చేతులెత్తి ఓటెయ్యడాలు వద్దు. రేపు పొద్దున ఓనరు షెడ్డుకొచ్చి చెయ్యి చాపుతాడు. కోస్తాననేవాడు ఇవ్వండి. కొయ్యననేవాడు ఇవ్వకండి. అంతే."

పొద్దున దెలపోర్త్ వచ్చాడు. రోజూలాగే స్తానీ దగ్గర మొదలుపెట్టి చెయ్యి చాపాడు. స్తానీ రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. పక్కవాడూ అంతే. నేనూ ఇవ్వకపోయేసరికి ఆయన ఆ చెయ్యి కోటుకి తుడుచుకున్నాడు. నాకు సంతోషం వేసింది, ఎందుకు దాచాలి? వరసలో చివరివాడు రెమీ.

"నువ్వు బుద్ధిమంతుడివి రెమీ. పాపాయి ఎలా ఉంది?"

రెమీ చెయ్యి దానంతటదే సగం దాకా లేచింది. వాడు ఆ చేతిని తనది కానట్టు చూసుకుని, మెల్లగా జేబులోకి తోసేశాడు.

"బాగుంది" అన్నాడు.

దెలపోర్త్ మొహం ఎర్రబడింది. "కాంట్రాక్టు నాది. లారీలు నావి. ఒక్కొక్కడినీ ఈ తీరంలో ఎక్కడా పని దొరక్కుండా చేస్తాను."

"చెయ్యండి. కొయ్యడానికి మాత్రం మా చేతులు దొరకవు" అన్నాడు స్తానీ.

లారీ తాళాలు నేలమీద పడేసి, మా సొంత పారలు భుజాన వేసుకుని, నడుచుకుంటూ దిబ్బలకెళ్లాం. మిగిలిన గుడారాల ముందు వరసగా నిలబడ్డాం. కుడి చేతికి గుడ్డ చుట్టుకున్న తిజానీ వచ్చి స్తానీ పక్కన నిలబడ్డాడు. "ఇది మీ గొడవ కాదన్నా, వెళ్లిపోండి" అన్నాడు. "నిన్న చెయ్యి కలిపాం కదయ్యా" అన్నాడు స్తానీ.

పోలీసుల్ని వెంటబెట్టుకుని దెలపోర్త్ రానే వచ్చాడు. ఈసారి గ్యాసు గుండ్లు పైకి కాదు, మనుషుల ఎత్తులో పేల్చారు. కళ్లు మండిపోతుంటే ఒకరి కోటు ఒకరం పట్టుకున్నాం. లాఠీలతో మీదపడ్డారు. కింద పడ్డవాళ్లని బూట్లతో తొక్కారు. మేమూ కొట్టాం. పార కర్రలతో కొట్టాం, పిడికిళ్లతో కొట్టాం. శిబిరం వాళ్లు గుడారాల గుంజలు పీక్కొచ్చి మా పక్కన చేరారు. నా చెవి చిరిగి మెడ మీదికి రక్తం కారింది. ఒక ఆడమనిషిని జుట్టు పట్టి ఈడుస్తున్న పోలీసు మీదికి రెమీ దూకి, లాఠీ లాక్కుని, వాడి హెల్మెట్ మీద అది విరిగేదాకా బాదాడు. నలుగురైదుగురు మీదపడి రెమీని బోర్లా నొక్కేశారు. నోట్లో ఇసుకతోనే వాడు తిడుతూనే ఉన్నాడు.

అప్పుడే పేలిన గ్యాసు గుండు స్తానీ నుదుటికి తగిలింది. మోకాళ్ల మీద కూలబడి, ఎప్పుడూ పక్కటెముక పట్టుకునే చెయ్యి నుదుటికి పెట్టుకుని, పక్కకి ఒరిగాడు. తిజానీ ఒంటిచేత్తో ఆయన తల ఎత్తి పట్టుకున్నాడు. అలా పట్టుకున్నవాడి వీపు మీద కూడా కొట్టారు. అంబులెన్సును పోలీసులు చాలాసేపు రోడ్డు మీదే ఆపేశారు. అది కాలవ వంతెన దాటకముందే స్తానీ చనిపోయాడు.

రెమీ లాకప్పులో ఉన్నాడు. పోలీసును చంపబోయాడని హత్యాయత్నం కేసు పెట్టారు. స్తానీని చంపినవాడి మీద ఏ కేసూ లేదు. తొందరపాటులో జరిగిందట. నా కోపం చల్లారలేదు, చల్లారకూడదని కూడా నాకుంది.

మర్నాడు పొద్దున దిబ్బల మీద నిలబడ్డది మేం మాత్రమే కాదు. క్రేన్లు ఆపి ఓడరేవు వాళ్లొచ్చారు. బండి మూసేసి వేపుళ్లమ్మే మనిషి వచ్చాడు. కాలేజీ పిల్లలొచ్చారు. రెమీ భార్య పాపనెత్తుకుని వచ్చి, నేను వద్దంటున్నా వినకుండా ముందు వరసలో నిలబడింది. ఆ వరసలో స్తానీ నిలబడ్డ చోటు ఖాళీగా వదిలి, అక్కడ ఆయన పార పాతాం.

దెలపోర్త్ పక్క ఊరినుంచి కొత్త ముఠాని తెచ్చాడు. లారీ ఆగింది. ముఠా పెద్ద దిగాడు. నెత్తిమీద ఉన్ని టోపీ, కోటు జేబులోంచి కనబడుతున్న పసుపుపచ్చ పిడి. మమ్మల్ని చూసి ఒక్క క్షణం తడబడి, మాలాంటివాడే కదా, చెయ్యి చాపుకుంటూ వచ్చాడు. వరస మొదట ఉన్నది తిజానీ. కుడి చెయ్యి వేళ్ల దాకా పట్టీలో ఉంది. ఎడమ మణికట్టు చాపాడు.

ఆ మనిషి మణికట్టు పట్టుకున్నాడు. పట్టీ వైపు చూశాడు.

"ఏమైంది?"

"గుడారం కొయ్యొద్దన్నాను."

ఆ ముఠా పెద్ద పట్టిన మణికట్టు మెల్లగా వదిలాడు. వరసలో ఒక్కొక్కరికీ చెయ్యి కలుపుతూ వచ్చాడు. వెనకే అతని ముఠా అంతా వచ్చింది. వ్యాన్లోంచి దెలపోర్త్ "పని మొదలెట్టండి" అని కేకలేస్తున్నాడు. ఎవరూ తిరిగి చూడలేదు. అతను ఖాళీ దగ్గరికొచ్చి ఆగాడు.

"ఇక్కడెవరు?"

"స్తానీ. నిన్న చంపేశారు. మాలాగే కూల్చే పనివాడు" అన్నాను.

అతను టోపీ తీశాడు. చాపిన చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉంచాడు. తర్వాత జేబులోంచి కత్తి తీసి, పార పక్కన ఇసుకలో పిడి దాకా గుచ్చాడు. అతని వెనకవాడూ గుచ్చాడు. ఆ వెనకవాడూ గుచ్చాడు. గుచ్చినవాళ్లు లారీ ఎక్కకుండా వచ్చి మా వరసలో నిలబడ్డారు.

పోలీసులు డాళ్లు సర్దుకుంటున్నారు. దెలపోర్త్ ఫోన్లో ఇంకో ఊరి ముఠాని పిలుస్తున్నాడు. పిలవనీ. ఆ ఊళ్లోనూ పొద్దున్నే చేతులు కలుపుతారు.