నాయన గొంతుకు దారి

వార్డెన్ పంకజాక్షి సెలవు ఇవ్వకపోవడమే కాదు, నవ్వింది కూడా.

"మీ నాయన చీర కట్టుకోని ఎగరతాడని నీకు సెలవా? పరీక్షలు పెట్టుకోని! పో మే, పోయి సదువుకో."

మోహన వెనక్కి తిరిగింది. ఆమె ఎప్పుడూ ఏమీ అనదు. రేణిగుంట దగ్గరి ఆ పాలిటెక్నిక్‌లో చేరి మూడో ఏడు నడుస్తున్నా, ఆమె గొంతు ఎలా ఉంటుందో క్లాసులో సగం మందికి తెలియదు. మెట్లు దిగుతుంటే మాత్రం చెవులు కాలిపోయాయి.

ఆమె నాయన మునిరామయ్య భారతం ఆటల్లో ద్రౌపది వేషం కడతాడు. బంగారుపాళ్యం చుట్టుపక్కల ఏ ఊళ్లో భారతం జరిగినా ద్రౌపది ఆయనే. ఈ ఆదివారం పొద్దున సొంత ఊళ్లో దుర్యోధన వధ. మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి తొడ మీద భీముడి గద పడ్డాక, ద్రౌపది పాడుతూ జుట్టు ముడేసుకుంటుంది. ఆ మర్నాడే మునిరామయ్య గొంతులో గడ్డకు ఆపరేషన్. మాట వస్తుందనీ, పాట సంగతి చెప్పలేననీ డాక్టరు ముందే చెప్పేశాడు.

బెంగళూరులో పనులు చేసుకునే ఊరివాళ్ల కోసం, ఆ ఊరి బాలచంద్రన్న ఆ భారతాన్ని నెట్ రేడియోలో వినిపిస్తున్నాడు. హాస్టల్లో ఫోన్లు ఉండనివ్వరు. ల్యాబ్‌లో కంప్యూటర్లున్నాయి గానీ, కాలేజీలోకి వచ్చే నెట్ అంతా మూలనున్న యూనిక్స్ మిషన్‌ను దాటి రావాలి. అదే ఫైర్‌వాల్. పాట అన్నది దాన్ని దాటదు.

ఆదివారం పొద్దున మోహన ల్యాబ్ చూసుకునే సునీల్‌కుమార్ సార్ ముందు నిలబడి, నేల చూస్తూ అడిగింది.

"దోవంతా తెరవొద్దు సార్. ఆ మిషన్‌లోనే ప్రాక్సీ పెడతాను. అదొక్కటే బయటికి పోయి పాట తెస్తుంది. మేము దాని దగ్గర్నించి వింటాము. నా ప్రాజెక్టు అదే గదా సార్."

"కాగితం మీద బాగానే ఉండాదిలే." సార్ దోసెల పొట్లం విప్పుకుంటూ పాస్‌వర్డ్ కొట్టాడు. "కూర్చో. నేను టిఫిన్ తినేలోపల పాట రావల్ల. రాలేదనుకో, ఆడవేషాల కోసం మళ్లీ నా ఫైర్‌వాల్ జోలికి రావద్దు."

ఆ మాటకు మోహన పళ్లు బిగించింది. కూర్చుంది.

నల్ల తెర మీద తెల్ల అక్షరాలు. ప్రాక్సీని ఎక్కించింది. బాలచంద్రన్న ఇచ్చిన చిరునామా రాసింది. ఫైర్‌వాల్ నియమాల్లో అన్నిటికంటే పైన తన వరుస పెట్టింది: ఈ పాటను రానివ్వు. పైన ఎందుకు పెట్టిందంటే, ఆమె పెరిగింది భారతం ఆడే మేళం వాళ్ల ఇంట్లో. మేళానికి ముందుగా ఎవరు తాంబూలం ఇస్తే ఆ రోజు వాళ్లదే. వెనక వచ్చినవాళ్లు ఎంత గొప్పవాళ్లయినా దాన్ని మార్చలేరు. ముందు మాటకు తిరుగులేదని ఆమెకు పుట్టినప్పటినుంచీ తెలుసు.

స్పీకర్‌లో చప్పుడు లేదు.

"మే మోహనా," ప్రాజెక్టు పనికి వచ్చిన క్లాసు పిల్లల్లో, వెనక బెంచీ నుంచి జాహ్నవి అంది, "మీ నాయన కుచ్చిళ్లు సర్దుకుంటా ఉండాడేమో, రవ్వంతసేపు ఆగు!"

నవ్వులు లేచాయి. "నీ పని నువ్వు సూసుకోమే," అని నందిని కసిరింది గానీ ఆ నవ్వులు ఆగలేదు.

ప్రాక్సీ నడుస్తోంది. చిరునామా సరిగ్గానే ఉంది. తన వరుసా ఉంది. మరి యాడ ఆగిపోయింది? మోహనకు జాహ్నవి మీద, వార్డెన్ మీద, సాంబారులో దోసె ముంచుతున్న సార్ మీద, అందరికంటే తన మీద కోపం వచ్చింది. అక్కడ నాయన పాడేస్తున్నాడేమో!

"ఇంక లే పాపా. దోసెలైపోయినాయి."

లేవలేదు. నియమాలను పైనుంచి కిందికి మళ్లీ చదివింది. అన్నిటికంటే అడుగున సార్ ఎప్పుడో రాసిపెట్టిన వరుస కనిపించింది: పాటలన్నీ ఆపు. అప్పుడు వెలిగింది. ఈ ఫైర్‌వాల్ మొదటి మాట దగ్గర ఆగదు, చివరిదాకా చదువుతుంది. ఆఖరున ఏం రాసుంటే దాన్నే పాటిస్తుంది. పుస్తకంలో చదివిందే, పరీక్షలో రాసిందే. వేళ్ల దాకా రాలేదు, అంతే.

తన వరుసను పైనుంచి తీసి, సార్ వరుస కింద పెట్టింది. కీబోర్డు విరిగేటట్టు ఒక్క దెబ్బ కొట్టింది.

ముందు మద్దెల వచ్చింది. తర్వాత ఈలలు, "కొట్టు భీమా!" అనే కేకలు. వాటన్నిటి మీదుగా నాయన గొంతు. పై స్థాయిలో బొంగురుపోయింది, విరిగింది. ఒక్క క్షణం ఆగి, మళ్లీ అక్కడికే ఎక్కింది. నవ్విన బెంచీలో ఎవరో ముక్కు ఎగబీల్చారు.

సార్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"సరే, వచ్చింది గదా, సూసినాము. ప్రిన్సిపాల్ వింటే నా పని అయిపోతాది. ఇంక ఆపేయ్."

కీబోర్డు వైపు చెయ్యి చాపాడు. మోహన తన రెండు చేతులూ దాని మీద పరిచింది. తల ఎత్తింది. ఆమె గొంతు గదంతా వినబడింది.

"ఆపను సార్. మా నాయన ఇంకా జుట్టు ముడేసుకోలా."

సార్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ గదిలో ఆఖరి మాట మోహనదే అయింది. స్పీకర్‌లో ద్రౌపది పాడుతూనే ఉంది.