రేడియేటర్ ముందు కట్టిన తెర

అక్క కాళ్ళు ఎండకి పనిచెయ్యవు. చల్లగా ఉన్నంతసేపు బాగానే నడుస్తుంది. ఒళ్ళు వేడెక్కితే మాత్రం మోకాళ్ళ కింద తిమ్మిరి పట్టి, కాళ్ళు నేల మీద ఉన్నాయో లేదో ఆమెకే తెలియదు. నరాల జబ్బు అన్నారు. దాని పేరు నాకు నోరు తిరగదు. తగ్గేది కాదు అని కూడా అన్నారు. అప్పటి నుంచి మా ఇంట్లో జబ్బు మాట ఎవరూ ఎత్తరు. ఎండ గురించి మాట్లాడుకుంటాం.

అక్క ధాన్యం గోదాములో పనిచేస్తుంది. బస్తాలో ఇనుప గొట్టం గుచ్చి, గింజలు అరచేతిలో పోసుకుని, తేమ ఎంతో, తాలు ఎంతో చెబుతుంది. పద్దెనిమిదేళ్ళుగా అదే పని. కిందటి నెల బస్తాల మధ్య రెండుసార్లు కూలబడింది. పైవాళ్ళు కాగితం పంపారు. పెద్దాసుపత్రిలో డాక్టర్ల కమిటీ ముందు, గుమ్మం దగ్గర నుంచి బల్ల దాకా ఎవరి సాయం లేకుండా నడిచి వెళ్ళి తిరిగి రావాలి. నడిస్తే ఉద్యోగం ఉంటుంది. లేకపోతే ఇంటికే.

"పదహారు అడుగులట. కనుక్కున్నాను," అంది అక్క.

"పదహారే కదా."

"నీకు పదహారే."

ఆసుపత్రికి రెండు గంటల ప్రయాణం. నా కారుకి పదిహేడేళ్ళు. ఏసీ ఉందంటే ఉంది. బండి పరుగెడుతుంటే కాస్త చల్లగా వీస్తుంది. ఆగితే ఎవరో మొహం మీద ఊపిరి వదిలినట్టు వెచ్చగా వస్తుంది. రెండు ఎండాకాలాలుగా ఇదే వరస. మెకానిక్ రెండుసార్లు గ్యాస్ నింపాడు. కమిటీకి నాలుగు రోజుల ముందు మళ్ళీ తీసుకెళ్ళాను.

"ముందు భాగం విప్పి చూద్దాం అన్నా. దుమ్ము పట్టిందేమో," అన్నాడు.

"నా బండికి దుమ్మా? కోత మిషన్ నడిపేవాణ్ణి, దుమ్ము సంగతి నాకు చెబుతున్నావా?"

"సరే మహానుభావా. అయితే బండి ముసలిదైంది. దాంతో పరుగు పందెం పెట్టకు."

అలా అది విప్పకుండానే వచ్చేశాను.

ఆ రోజు ఏడింటికే బయలుదేరాం. కారుని రాత్రంతా గోడ నీడన ఉంచాను. తలుపులన్నీ తీసి లోపలి ఉక్క పోనిచ్చాను. అక్క వైపు అద్దానికి తడి తువ్వాలు కట్టాను. ఉన్న చల్లదనం వెనక్కి పోకుండా ముందు సీట్ల వెనక దుప్పటి వేలాడదీశాను.

అక్క ఎక్కి కూర్చుని చుట్టూ చూసింది.

"ఏరా, ఇది కారా, బట్టలు మార్చుకునే గదా?"

"కాళ్ళు గాలికి పెట్టు."

"పెట్టానయ్యా డాక్టరు గారూ."

గంటన్నర బాగానే సాగింది. అక్క చెప్పులు విడిచి, కాలి వేళ్ళు ఒక్కొక్కటే ఆడించి చూసుకుంటోంది. నేను రోడ్డు చూస్తున్నాను. పాదాల వైపు కూడా చూస్తున్నాను.

రైలు గేటు దగ్గర బండ్లు ఆగి ఉన్నాయి. గూడ్సు బండి వచ్చి, సగం దాటి, అక్కడే నిలబడిపోయింది. మా ముందు లారీ, వెనక బస్సు. తిప్పుకునే చోటు లేదు. ఐదు నిమిషాలకి గాలి వెచ్చబడింది. పదో నిమిషానికి అక్క వేళ్ళు ఆడించడం మానేసింది.

"అక్కా?"

"ఊఁ."

"తెలుస్తున్నాయా?"

"ఎడమది తెలియట్లేదు," అంది, ఎవరి కాలో అన్నట్టు. సీటు వెనక్కి వాల్చుకుని కళ్ళు మూసుకుంది. తడి తువ్వాలు తీసి ఆమె మోకాళ్ళ మీద వేశాను. అది అప్పటికే వేడెక్కి ఉంది.

దిగి బానెట్ ఎత్తాను. ముందున్న లారీ డ్రైవరు బీడీ పారేసి వచ్చాడు. వంగి, బంపర్ సందులోంచి చూశాడు. వేలు పెట్టి గోకాడు. మట్టి పెళ్ళలుగా రాలింది.

"ఏంటన్నా ఇది, కారుకి దోమతెర కట్టావు? దోమలు కుడతాయనా?"

అప్పుడు చూశాను. కోతలప్పుడు పొట్టు ఎగిరి మిషన్ రేడియేటర్‌లో దూరుతుంది. దూరితే ఇంజను ఉడికిపోతుంది. అందుకని మిషన్ నడిపేవాళ్ళందరం రేడియేటర్ ముందు జాలీ కడతాం. పూటపూటా దులుపుతాం. రెండేళ్ళ కింద, పొలం దారిలో తిరుగుతున్నాను కదా అని కారుకి కూడా కట్టాను. సన్నటి దోమల జాలీ, రెండు మడతలు, బయటికి కనపడకుండా నల్ల తీగతో. మిషన్‌ది రోజూ దులిపాను. కారుది కట్టానన్న సంగతే మర్చిపోయాను. ఇప్పుడు అది జాలీలా లేదు. అలికిన గోడలా ఉంది.

"దీని వెనక ఫ్యాను తిరిగినా, పాపం, గాలెక్కడిది?" అన్నాడు లారీ డ్రైవరు.

నాకేమీ అనిపించలేదు. అతని దగ్గర కత్తి తీసుకుని తీగ కోశాను. తెర ఊడివచ్చి చేతుల్లో పడింది. అతను డబ్బాతో నీళ్ళు తెచ్చి కొట్టాడు. ఎర్రటి నీళ్ళు చాలాసేపు కారాయి. మళ్ళీ లోపల కూర్చునేసరికి, ఆగి ఉన్న బండిలోనే చల్లటి గాలి వస్తోంది. అక్క కళ్ళు తెరవలేదు. గూడ్సు బండి కదిలింది.

ఆసుపత్రి ఆవరణలో ఇంజను ఆపకుండా కూర్చున్నాం. అక్క కాళ్ళ మీద గాలి పెట్టి ఇరవై నిమిషాలైంది. బంట్రోతు వచ్చి అద్దం కొట్టాడు.

"మీ వంతు వచ్చిందమ్మా."

"ఇంకో అరగంట ఆగుతారా?" అన్నాను.

"పై నెలకి రాయమంటారా?"

పై నెల ఎండ ఇంకా ముదురుతుంది. అక్క తలుపు తీసుకుంది. "చెయ్యి పట్టుకోకు. గుమ్మం దాకా పక్కన రా, చాలు."

బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు ఉన్నారు. అక్క గుమ్మం దగ్గర నిలబడి చీర కుచ్చిళ్ళు కొద్దిగా ఎత్తిపట్టుకుంది, పాదాలు కనపడాలని. పాదం ఎక్కడ పడుతోందో చూసుకుంటేనే నడవగలదు. బల్ల దాకా వెళ్ళింది. నడుమ ఉన్న డాక్టరమ్మ, "బాగుందమ్మా, ఇప్పుడు కిందకి చూడకుండా వెనక్కి నడవండి," అంది.

అక్క తల ఎత్తింది. నా వైపే నడిచింది. నాలుగో అడుగుకి ఎడమ పాదం మడతపడింది. కుర్చీ పట్టుకుంది. పడలేదు. డాక్టరమ్మ తల వంచి రాసింది. కూర్చుని చేసే పని ఉంటే ఇవ్వవచ్చునని రాశానని చెప్పింది. గోదాములో కూర్చుని చేసే పని లేదు. ఆ మాట అక్కా చెప్పలేదు, నేనూ చెప్పలేదు.

తిరుగు దారిలో చాలా దూరం వచ్చాక అక్క అడిగింది.

"ఏం చేశావురా? ఇంత చల్లగా ఉంది."

నేను చెప్పకపోతే ఆమెకి తెలియదు. గేటు దగ్గర కళ్ళు మూసుకునే ఉంది.

"రేడియేటర్ ముందు నేనే తెర కట్టాను. దుమ్ము పట్టి గాలి ఆడలేదు. గేటు దగ్గర కోసేశాను."

"ఎప్పుడు కట్టావు?"

"రెండేళ్ళయింది."

అక్క కిటికీ వైపు తిరిగింది. ఒక ఊరు దాటాం. ఇంకో ఊరు దాటాం.

"మెకానిక్ చూడలేదా?"

"చూస్తానన్నాడు. నేనే వద్దన్నాను."

"ఊఁ," అంది.

తిట్టలేదు. తిడితే బాగుండునని కూడా నాకు అనిపించలేదు. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయి, బండి పోతోంది. కొంతసేపటికి, "గోదాము వైపు తిప్పు. నా సామాను తెచ్చుకుంటాను," అంది.

"రేపు నేను తెస్తాలే."

"ఇప్పుడు కాళ్ళు తెలుస్తున్నాయి. తిప్పు."

గోదాము నీడలో ఆపాను. దారిలో గంటకి పైగా చల్లగా కూర్చున్న అక్క దిగింది. కుచ్చిళ్ళు ఎత్తలేదు, కిందకి చూడలేదు. కాపలా మనిషి, "ఏమ్మా, ఇవాళ సెలవన్నారు?" అని పలకరిస్తే నిలబడి మాట్లాడింది. పెద్ద తలుపులోంచి లోపలికి వెళ్ళింది. బస్తాల వరసల మధ్య తిన్నగా నడుస్తూ చివరి దాకా వెళ్ళడం నాకు కనిపించింది. అది చూసి కాగితం మీద రాసేవాళ్ళెవరూ అక్కడ లేరు.

సంచి భుజాన వేసుకుని అలాగే తిరిగి వచ్చింది. కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, తలుపు వేసుకుంది.

"ఊరికే ఇంజను తిరుగుతోంది. పెట్రోలు దండగ. పోనియ్," అంది.

పోనిచ్చాను.