నాటకాలది

"ఆదివారం స్టేజీ మీద రెండు కన్నీళ్ళు కార్చు. నీకు వచ్చిన పనే గద," అన్నాడు నా భర్త సిద్ధిరాములు. నేను మా మరమగ్గాల మీద నేసే కారీగర్లకు రొట్టెలు చేస్తున్నాను. ఆయన కూర ఇంకొంచెం వెయ్యమని కంచం ముందుకు జరిపాడు. వేశాను.

భివండీ తెలుగు సమాజం వాళ్ళు నాకు సన్మానం చేస్తామన్నారు. సమాజం కార్యదర్శి దత్తాత్రి చిన్నప్పుడు జగిత్యాలలో నా నాటకాలు చూశాడట. ఆ చంద్రవ్వక్కను నేనేనని, ఈ ఊళ్ళోనే ఉన్నానని తెలిసి, వెతుక్కుంటూ నాగావ్‌లోని మా ఇంటికొచ్చాడు. పెళ్ళికి ముందు నేను నాటకం కంపెనీలో పెద్ద వేషాలు వేసేదాన్ని. మద్రాసు వెళ్ళి నాలుగు సినిమాల్లో కూడా నటించాను. ఆ సంగతి దత్తాత్రి మాట్లాడుతుంటే మా కొడుకు రూపేష్ నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. వాడికి ముప్పై ఏళ్ళు దాటాయి. తిట్టుగా తప్ప నా నాటకాల మాట వాడికెవరూ చెప్పలేదు. నన్నూ చెప్పనివ్వలేదు.

మా కంపెనీ ఇక్కడి నేతవాళ్ళ కోసం ఆడటానికి వచ్చినప్పుడు, సిద్ధిరాములు రోజూ నాటకం అయ్యాక మేకప్ గది బయట నిలబడేవాడు. పెళ్ళయ్యాక కూడా ఆడుకోవచ్చని మా అమ్మ ముందే మాటిచ్చాడు. నమ్మాను. పెళ్ళైన నెలకే మా అత్త వెంకవ్వ నా మేకప్ పెట్టె, కిరీటాలు, పూసల దండలు అన్నీ పాతసామాన్లు కొనే భంగార్‌వాడికి వేసింది. నేను ఏడిస్తే, చూడుండ్రి, నాటకాలది ఎంత మంచిగ ఏడుస్తుందో అని ఇరుగుపొరుగును పిలిచింది. ఆయన గుమ్మంలోనే ఉన్నాడు. నవ్వాడు.

ఆ రోజు నుంచి నా ఏడుపు ఏడుపు కాదు, నా జ్వరం జ్వరం కాదు. మొదటి బిడ్డ పుట్టి పోయినప్పుడు కూడా, ఇగ చాలు తియ్, ఎవలు చూస్తున్నరని, అన్నాడు. మా అమ్మ చనిపోయిన కబురొస్తే నేను ఏడవలేదు. అప్పుడేమో రాతిగుండెది అన్నారు. కింద షెడ్డులో మా మరమగ్గాల సాంచెలు ఆడుతుంటే మా ఇంటి నేల అదిరేది. ఆ అదురులోనే నూలు కండెలు చుట్టాను, వండాను, కన్నాను. నా పక్కన కూర్చుని అదే పని చేసే రామవ్వకు ఆయన ప్రతి శనివారం పగారు ఇచ్చేవాడు. నాదేదని ఒకసారి అడిగాను. ఇంటామెకు పగారేందని నవ్వాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ మరచిపోలేదు. మరవాలని కూడా లేదు.

ఆదివారం హాలు నిండింది. నాకు శాలువా కప్పి, మైకు మా ఆయనకిచ్చారు. ఆయనే అడిగి తీసుకున్నాడనాలి. నన్ను బురదలోంచి తీసి ఇంటి ఇల్లాలిని చేశానన్నాడు, తను లేకపోతే ఏ ఊరి స్టేజీ మీదో దిక్కులేకుండా పోయేదాన్నన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నేను నవ్వు ముఖంతో కూర్చున్నాను. మాట్లాడటం అయ్యాక నా వైపు తిరిగి, కన్నీళ్ళేవీ అన్నట్టు చూశాడు.

నేను లేచి ఆయన చేతిలోంచి మైకు తీసుకున్నాను. గొంతు వణకలేదు. ఆ గొంతు మైకు లేకుండానే చివరి వరుసకు వినబడేలా సాధన చేసిన గొంతు.

"నన్నెవలు బురదలకెళ్ళి తియ్యలే. నేను స్టేజీ మీదికెళ్ళి దిగి వచ్చిన. ఆడనిస్తనంటె నమ్మి వచ్చిన," అన్నాను. "ఇంట్ల నేనెన్నడు నాటకమాడలే. ఇందాక ఈయన మాట్లాడుతుంటె నవ్వుకుంట కూసున్న చూడుండ్రి, గదే నేనాడిన నాటకం."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆడవాళ్ళ వరుసలో ఒకామె కొంగుతో నోరు మూసుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

ఇంటికొచ్చాక బాపు ఇజ్జత్ తీశానని రూపేష్ కోప్పడ్డాడు. వాడి భార్య ప్రాజక్త మాత్రం నాకు చాయ్ తెచ్చిచ్చింది. తెల్లారి సిద్ధిరాములు నా ముందు కూర్చుని, పొరపాటున నోరు జారిందని వచ్చే ఆదివారం అందరి ముందు చెప్పాలన్నాడు.

"చెప్ప," అన్నాను. "కండెలకు ఇంకో ఆమెను పెట్టుకో. పగారియ్యి."

ఆయన ఆ పూట అన్నం ముట్టలేదు. నేను బతిమాలలేదు. నా వంతు నేను తిన్నాను.

గణపతి పండుగకు సమాజం వాళ్ళు నాటకం వేస్తున్నారు. ఆ సాయంత్రం వేషాలు పంచుతున్నారని హాలుకు ఒక్కదాన్నే నడిచి వెళ్ళాను. దత్తాత్రి కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఏడ్చే ముసలితల్లి వేషం ఉంది, నీకు సరిగ్గ సరిపోతది అక్కా అన్నాడు.

వద్దన్నాను. అదే నాటకంలో శాపం పెట్టే రాణి వేషం ఎవరికిచ్చారని అడిగాను.