హాజీ గాబల్లా పలకరింపు

ఏడో కామెంటులో బూతులున్నాయి. ఇన్షిరాహ్ దాన్ని చెత్తబుట్టలో వేసి, గ్లాసు అంచు పట్టుకుని ఒక గుక్క టీ తాగింది. ఎనిమిదోది ఇంటి అమ్మకం ప్రకటన. అదీ బుట్టలోకే. తొమ్మిదోది రాస్ ఎల్ తీన్ వైపు నడిచిన పాత ట్రాము రంగు గురించి. దాన్ని బ్లాగులోకి వదిలింది.

అలెగ్జాండ్రియా ట్రాముల్లో ఇరవై ఎనిమిదేళ్లు టికెట్లు చించిన చెయ్యి అది. బొటనవేలు ఇప్పటికీ కాస్త వంకరే. ఆ ట్రాముల మీద బ్లాగు రాసే లబీబ్ మాస్టారు అప్పట్లో రోజూ ఎక్కేవాడు. ఆమె భర్త పోయాక పిలిచి కామెంట్లు వడకట్టే ఈ పని అప్పగించాడు.

"తాగి ఎక్కినోణ్ణి మెడపట్టి దించేదానివి కదమ్మా. నా పాఠకుల్నీ అలాగే చూసుకో" అన్నాడు. ట్రాము సంగతి లేని కామెంటు కనబడకూడదన్నాడు.

హాజీ గాబల్లా అనే ఆయన రెండేళ్ల పాటు రోజూ పొద్దున్నే ఒకటే రాసేవాడు. "ఉదయం మల్లెలు, బ్లాగువాళ్లూ!" అంతే. ట్రాము ఊసు ఉండేది కాదు. ఆమె రోజూ బుట్టలో వేసేది. ఆ మాటకు "ఉదయం వెలుగులు" అని బదులివ్వని మనిషి ఆ ఊళ్లో ఉండడు. ఇన్షిరాహ్ మాత్రం ట్రాములోనూ ఎవరికీ బదులివ్వలేదు. తలెత్తకుండా "టికెట్" అనేది. చేతినిండా పని.

నెల పైనే అయింది, ఆ పలకరింపు రావడం లేదు. మళ్లీ వస్తే ఈసారి బదులివ్వాలని ఆమెకు గట్టిగా ఉంది. మాస్టారికి ఫోన్ చేసింది.

"మాస్టారూ, ఆ హాజీకి ఒక్కసారి జవాబు రాయనా?"

"రాయి తల్లీ. రేపట్నించి ఊరంతా టిఫిన్ చేశారా, స్నానం చేశారా అని మొదలెడతారు. మన ట్రాము కాస్తా వీధి చివర చిక్కుళ్ల టిఫిన్ బండి అయిపోద్ది."

"ఒక్కటే మాస్టారూ."

"సర్లే, రాసుకో. నీకు అడ్డొచ్చి బతికినోడెవడు?"

"మీరే. టికెట్ లేకుండా ఎన్నిసార్లు ఎక్కారు!"

నవ్వుతూనే ఫోన్ పెట్టేసింది. పదమూడో కామెంటు పైన గాబల్లా పేరుంది. గబగబా తెరిచింది.

"నేను ఆయన కూతురు నాగ్లాని. నాన్న పోయి ఈ రోజుకి నలభై రోజులు. ఖురాన్ చదివినవాళ్లు ఇప్పుడే వెళ్లారు. కాళ్లు పడిపోయాక నాన్న గడప దాటలేదు. లేవగానే మీకే రాసేవాడు. 'మీ కామెంటు పరిశీలనలో ఉంది' అని తెర మీద వచ్చేది. 'చూశావా, చదువుతున్నారు. పనుల్లో ఉంటారు పాపం, తొందరపెట్టకూడదు' అనేవాడు. మీకు చెప్పాలనిపించింది. ఆయన ట్యాబ్ ఆపబుద్ధి కావడం లేదు."

ఇన్షిరాహ్ చెత్తబుట్ట తెరిచి పైనుంచి కిందదాకా వెతికింది. ముప్పై రోజులు దాటినవి అందులోంచి వాటంతటవే చెరిగిపోతాయి. బూతులున్నాయి, ఇళ్ల ప్రకటనలున్నాయి. హాజీ మాట ఒక్కటీ లేదు.

కూతురి కామెంటు కింద "ఉదయం వెలుగులు, హాజీ" అని రాసింది. అప్పటికి మధ్యాహ్నపు నమాజు పిలుపు కూడా అయిపోయింది.

సాయంత్రం నాగ్లా ఒక ఫోటో పంపింది. కిటికీ పక్కన ఖాళీ మంచం, దాని మీద దిండుకు ఆనించిన ట్యాబ్, తీయకుండా వదిలేసిన ఛార్జింగ్ తీగ. తెర మీద 'మీ కామెంటు పరిశీలనలో ఉంది' అన్న వాక్యం ఇంకా వెలుగుతూనే ఉంది.