నున్నగా గీకిన చోటు

వారమంతా కలకత్తా సాల్ట్ లేక్‌లో ఒక ఆఫీసు భవనానికి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్‌గా నేలలు తుడిపించి, బాత్‌రూములు కడిగించి, గొంతు పోయేలా అరిచి హౌరా పక్క లిలువాలో ఇంటికి చేరతాను. శనివారం సాయంత్రం నాన్న టార్చిలైటు పట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంటాడు. "జెరూషా, కూసింత వొచ్చి స్టీరింగు కాడ కూకో" అంటాడు. చెప్పులైనా విప్పనివ్వడు. నాన్న జీపు పుణ్యమా అని ఈ ఏడాది నా తల ప్రాణం తోకకొచ్చింది.

నాన్న పేరు యెషయా. రైల్వే వర్క్‌షాపులో ఇనుము అరగదీసే గ్రైండర్ పట్టి, ఆ పనిలోనే రిటైరయ్యాడు. అమ్మ పోయాక ఆయనకు మిగిలిన పని ఒకటే. ఆదివారం పొద్దున బస్సెక్కలేని ముసలివాళ్లను తన పాత జీపులో మా తెలుగు చర్చికి తీసుకెళ్లి, ఆరాధన అయ్యాక మళ్లీ ఇళ్ల దగ్గర దింపడం. దానికోసం శనివారం జీపు కడుగుతాడు. శుక్రవారమే చొక్కా ఇస్త్రీ చేసుకుంటాడు. గురువారం నుంచే ఫోన్లు చేసి ఎవరొస్తున్నారో అడుగుతాడు. ఆయన వారం అలా వెనక నుంచి ముందుకు నడుస్తుంది.

క్రిస్మస్ వెళ్లాక జీపుకి వణుకు పట్టుకుంది. ఊళ్లో మెల్లగా పోతే ఏమీ లేదు. హైవే ఎక్కి యాభై దాటితే చాలు, సీటు కింద నుంచి మొదలై వెన్నుపూసలన్నీ లెక్కపెడుతుంది. నాన్న నిద్ర మానుకున్నాడు. చక్రాలు బ్యాలెన్సింగ్ చేయించాం, పోలేదు. వెనక టైర్లు మార్చాం, పోలేదు. ఇంజిను కింద రబ్బరు మౌంటింగులు కొత్తవి వేశాం, అయినా పోలేదు. ఒకరోజు హైవే మీద నన్ను బండి నడపమని, యాభై దాటాక న్యూట్రల్‌లో పెట్టమన్నాడు. ఇంజిను చప్పుడు తగ్గింది గానీ వణుకు అలాగే ఉంది.

"ఇంజిను కాదు. స్టీరింగు ఊగుతందా?"

"లేదు నాన్నా. సీటే."

"అయితే ఎనకాల షాఫ్టే" అన్నాడు. గేరుపెట్టె నుంచి వెనక చక్రాలకు తిప్పుడు అందించే పొడుగాటి ఇనప గొట్టం అది. దాన్ని దింపి, రెండు చివర్లా కీళ్లలా ఉండే క్రాసులు మార్చాడు. విప్పేముందు ఏ ముక్క ఏ ముక్కకు ఎదురుగా ఉందో తెలిసేలా పంచ్‌తో చుక్కలు కూడా పెట్టుకున్నాడు. అంత జాగ్రత్త మనిషి. బిగించాక చూస్తే వణుకు వణుకే.

చివరికి ఆ ముసలివాళ్లలో ఒకామె, చర్చిలో అందరూ పిన్ని అని పిలిచే కారుణ్య నోరు విప్పింది. మా పక్క పేట బాలీ అవతల కూతురింట్లో ఉంటుంది, తుంటి ఆపరేషన్ అయింది. జీపు దిగుతూ, "అన్నయ్యా, ఏటనుకోకు. నీ బండెక్కితే రాత్రంతా తుంటి సలుపుతంది. వొచ్చే వారం నుంచీ మాయమ్మాయి క్యాబు పెడతానంది" అంది. ఆమె మానేశాక మిగతావాళ్లూ ఒక్కొక్కరే మానేశారు. ఆ తర్వాతి ఆదివారం నాన్న మంచం దిగలేదు. గోడవైపు తిరిగి పడుకుని, "నువ్వెల్లు. నాకు ఒంట్లో బాగోనేదు" అన్నాడు. ఆ మాట ఆయన నోట నేను ఎప్పుడూ వినలేదు. నాకు భయం వేసింది. ఇస్త్రీ చొక్కా హ్యాంగరుకే ఉండిపోతే ఈ మనిషి ఎన్నాళ్లు బతుకుతాడు అనిపించింది.

అందుకే ఒకరోజు ఆఫీసుకు సెలవు పెట్టి, నాన్నకు చెప్పకుండా జీపు కలకత్తాలో భవానీపూర్ తీసుకెళ్లాను. అక్కడ పాత జీపులు బాగుచేసే బెంగాలీ మెకానిక్ సునీల్‌దా ఉన్నాడు. హుగ్లీ వంతెన మీద ఆ వణుకుతో, ఎండతో చేరేసరికి చేతులు తిమ్మిరెక్కాయి. సునీల్‌దా టీ తాగేదాకా బండి ముట్టుకోలేదు, నాకు ఒళ్లు మండింది. తాగాక మాత్రం జీపు వెనక భాగం స్టాండ్ల మీదికి లేపి, తన పనివాణ్ణి లోపల కూర్చోబెట్టి చక్రాలు గాల్లో తిరిగేలా నడిపించాడు. తిరుగుతున్న షాఫ్టు దగ్గరికి సుద్దముక్క మెల్లగా తెచ్చాడు. గీత చుట్టూ పడలేదు, సుద్ద ఒక పక్కన మాత్రమే తగిలింది, అంటే బరువు ఆ పక్కే ఎక్కువ. బండి ఆపించి, దానికి ఎదురుపక్క బూడిదరంగు పెయింటు స్క్రూడ్రైవరుతో గీకి నన్ను పిలిచాడు.

"దిది, ఇక్కడ చిన్న ఇనప బిళ్ల ఉండేది" అన్నాడు బెంగాలీలో. "షాఫ్టు సమంగా తిరగడానికి దాన్ని కంపెనీలోనే అతికిస్తారు. ఎవరో గీకేశారు. ఎంత నున్నగా గీకారో చూడండి, చేత్తో తడిమితే తెలీదు."

నేను తడిమి చూశాను. చూడక్కర్లేదు అసలు. లిలువాలో అంత నున్నగా గీకేవాడు ఒక్కడే. క్రిస్మస్‌కి ముందు నాన్న షాఫ్టు దింపి గ్రీజు పెట్టి, రైల్వే బూడిదరంగు పూశాడు. ఆ ముతక వెల్డింగు ముక్క కనబడి ఉంటుంది. వర్క్‌షాపులో ఆయన బతుకంతా అదే పని, ఎవడో కంగాళీగా పెట్టిన అతుకుని గీకి ఇనుముని ఇనుములా చెయ్యడం. అతుకు మీద అతుకు వేసేవాణ్ణి ఆయన మనిషి కింద లెక్కేసేవాడు కాదు. ఈ బిళ్ల మాత్రం అతుకు కాదని ఆయనకెవరు చెప్పాలి?

షాఫ్టులకు బ్యాలెన్సింగ్ చేసే మిషనున్న షాపు మూసేశారట. సునీల్‌దా నీళ్ల పైపులకు బిగించే హోస్ క్లిప్పులు రెండు తెచ్చి, పోయిన బిళ్ల బరువుకు బదులుగా షాఫ్టుకు చుట్టాడు. వాటి స్క్రూలు అటు జరిపీ ఇటు జరిపీ, తిప్పి చూసీ, మళ్లీ జరిపీ మధ్యాహ్నం దాటించాడు. నా కాళ్లు పీకేశాయి. ఆఖరుకి సీటు మీద పెట్టిన నా టీగ్లాసు కదలకుండా నిలబడింది. "ఇలాగే ఉంచండి, ఏళ్లు నడుస్తుంది" అన్నాడు. ఎందుకైనా మంచిదని క్లిప్పులకు ఫోనులో ఫొటో తీసుకున్నాను.

ఇంటికొచ్చాక నాన్నతో నిజం చెప్పలేదు. చెప్పే ఓపికా లేదు, మనసూ ఒప్పలేదు. "క్రాసులే నాన్నా, నువ్వు కొన్నవి నాసిరకంవి. భవానీపూర్ మిస్త్రీ మార్చాడు" అన్నాను. ఆయన ముఖం విచ్చుకుంది. "నాననుకున్నాను. పని నాదే, సరుకే ఆ కొట్టోడిది" అన్నాడు. గురువారం ఫోన్లు మొదలయ్యాయి. ఆదివారం కారుణ్య పిన్ని దారి పొడుగునా నిద్రపోయిందట. ఆ మాట నాన్న నాకు రాత్రి దాకా చెబుతూనే ఉన్నాడు.

మరుసటి ఆదివారం ఆయన చర్చికి చేరలేదు. సగం దారిలో జీపు మళ్లీ వణికి, పిన్ని దిగి క్యాబు పిలిపించుకుంది. నేను వంట చేస్తుండగా నాన్న వచ్చి, బూట్లతోనే మంచం మీద కూర్చున్నాడు. నేను గరిటె వదిలేసి జీపు కింద దూరాను. క్లిప్పులు లేవు.

"నాన్నా, షాఫ్టు మీద క్లిప్పులేవీ?"

"అయ్యా? నిన్న తీసీసినాను. మీ మిస్త్రీ మర్సిపోయినట్టున్నాడు. నీళ్ల గొట్టానికేసీవి షాఫ్టుకెందుకే? సూడ్డానికి కంగాళీగా ఉన్నాయి."

ఇక దాచడానికి ఏం మిగల్లేదు. ఆయన పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. బిళ్ల సంగతి, ఎందుకు పెడతారో, ఎవరు గీకారో, క్లిప్పులు ఎందుకు వేశారో. నాన్న అంతా విని, తన అరచేతులు చూసుకున్నాడు.

"ముందే సెప్తే నాను తీసీవోణ్ని కాదు కదమ్మా" అన్నాడు.

కోప్పడి ఉంటే బాగుండేది. నాకూ అరవడానికి వీలయ్యేది. ఆయన లేచి పాత బట్టలు కట్టుకుని, నా ఫోనులో ఫొటో చూసుకుంటూ క్లిప్పులు తనే బిగించాడు. ఒక స్క్రూ కూడా పక్కకి పోలేదు. తర్వాత చేతులు కడుక్కుని, తాళం చెవి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "ఇంక నువ్వే నడుపు" అన్నాడు. నేను వద్దన్నా వినలేదు.

ఈ ఆదివారం నేను నడిపాను. నాన్న ఇస్త్రీ చొక్కాతో వెనక సీట్లో, పిన్ని పక్కన కూర్చున్నాడు. హైవే మీద యాభై దాటింది, అరవై దాటింది. జీపు మెత్తగా పోతోంది.

"బాగు సేయించినావు కదన్నయ్యా. మరి నువ్వు తోల్లేదేటి?" అంది పిన్ని.

నేను అద్దంలో చూశాను. నాన్న ఒంగి, అరచెయ్యి కాళ్ల దగ్గరి రేకుకి ఆనించి ఉన్నాడు.

"వర్క్‌షాపులో ఇలాటివి ఇంకెన్ని గీకీసినానో కారుణ్యా" అన్నాడు. "అక్కడ నాకెవులూ సెప్పనేదు."

పిన్నికి అర్థం కాలేదు. నాకు అయింది. లేదు నాన్నా, అక్కడ అలాంటివేం ఉండవు అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ ఉండేవో లేవో నాకు తెలీదు, ఆయనకు ఇంకో అబద్ధం చెప్పడం నావల్ల కాలేదు. చర్చి దాకా ఆయన ఆ చెయ్యి తియ్యలేదు.