ఐదో కత్తెర

మధ్యాహ్నం మూడున్నరకు ఆమె కత్తెరలు లెక్కపెట్టింది. ఐదుండాలి, నాలుగే ఉన్నాయి.

ముందుగదిలో మిషను మీద బట్టలు కుట్టి సంసారం లాగుతున్న మనిషి. పోయిన నెల, పదేళ్ల పెద్దకూతురు తమ్ముడి మీదికి కత్తెర ఎత్తింది. అప్పుడు పిల్లల డాక్టరమ్మ, "ఇల్లు అంటుకున్నాక బావి తవ్వుతామా అమ్మా? ఏం చెయ్యాలో ఇప్పుడే రాసిపెట్టుకో" అంది. రాసుకుంది. పదునైనవన్నీ ట్రంకుపెట్టెలో ఉండాలి. తాళంచెవి తన మెడలో ఉండాలి. పిల్ల మొహం మారితే బుడ్డోణ్ణి పైవాటా పిన్ని దగ్గరికి పంపాలి. గొంతు పెంచకూడదు. చెయ్యి పట్టుకోకూడదు. తలుపుకు అడ్డం నిలబడకూడదు. ఆ కాగితం బీరువా తలుపుకు లోపలివైపు అంటించి ఉంది.

కనబడనిది దారాలు తెంపే చిన్న కత్తెర. వేలెడంత ఉంటుంది, మొన మాత్రం సూదే.

మిషను కింద చూసింది. గుడ్డముక్కల సంచీ దులిపింది. లోపలి గదిలో పెద్దది నేలమీద కూర్చుని పాత గుండీలను రంగుల వారీగా పేర్చుకుంటోంది. పొద్దుటి నుంచీ నెమ్మదిగానే ఉంది. ఇంతసేపూ వరంలా అనిపించిన ఆ నెమ్మది ఇప్పుడు ఆమెకు అనుమానంగా తోచింది.

"చిన్న కత్తెర చూశావా తల్లీ?"

"లేదు."

"తీశావా?"

"లేదన్నాగా."

పరుపు ఎత్తింది. బడిసంచీ బోర్లించింది. ఆ హడావుడిలో కాలు తగిలి గుండీల వరసలన్నీ చెదిరిపోయాయి.

పిల్ల మొహం మారింది.

గుమ్మంలో నిలబడ్డ బుడ్డోడు అడక్కుండానే చెప్పులు వేసుకున్నాడు. "నేను పైకి పోతున్నా. పిన్ని దగ్గర బిస్కెట్లు అయిపోయాయి, నిన్నే చూశా. అయినా పోతాలే."

వాడు మెట్లెక్కిన చప్పుడు ఆగేలోపే గుండీల డబ్బా గోడకు తగిలింది. పెద్దది మూలకు జరిగి పిడికిలితో నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆమె కాగితాన్ని మనసులో చదువుకుంటూ, గొంతు తగ్గించి, ముందుకు వంగింది.

"ఏం కాదమ్మా. కత్తెర ఇచ్చెయ్. ఏమీ అనను."

పిల్ల గోడలోకి దూరిపోతుందా అన్నట్టు వెనక్కి నొక్కుకుంది. దాని చూపు తల్లి మొహం మీద లేదు, మెడ మీద ఉంది.

"దూరం పో. అది తీసెయ్."

ఆమె తల వంచి చూసుకుంది. తాళంచెవి పక్కనే, అదే దారానికి, చిన్న కత్తెర వేలాడుతోంది. పొద్దున అంచులు కుడుతూ, మాటిమాటికీ లేవాల్సి వస్తుంటే, ఎక్కడా వదలకూడదని తనే తగిలించుకుంది. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినదాని కథ చెబితే ఎవరైనా నవ్వుతారు. ఆమెకు నవ్వు రాలేదు. తను ఎక్కడ నిలబడి ఉందో అప్పుడు గమనించింది. సరిగ్గా గుమ్మానికి అడ్డంగా.

పక్కకు తప్పుకుంది. కత్తెర ట్రంకులో పెట్టి తాళం వేసి, మిషను దగ్గర నేలమీద కూర్చుంది. పిడికిలి చప్పుడు చాలాసేపు వినబడింది. తర్వాత ఆగింది.

"లెక్క సరిపోయిందా?" పిల్ల లోపలి నుంచి అడిగింది.

"సరిపోయింది. నువ్వు తియ్యలేదు. తప్పు నాదే."

"మళ్ళీ లెక్కపెట్టు."

పెట్టె తెరిచి, పైకి వినబడేలా లెక్కపెట్టింది. ఐదూ ఉన్నాయి.

పిల్ల గుమ్మం దాకా వచ్చింది. నుదురు కమిలి ఉంది. "బీరువాలో కాగితం ఉందిగా. అందులో ఇంకోటి రాయి."

ఆ కాగితం పిల్ల చదివిందని ఆమెకు అప్పుడే తెలిసింది. "ఏం రాయను?"

"నీకు భయమేసినప్పుడు నేనెక్కడికి పోవాలో."

ఆమె పెన్సిలు తీసుకుని బీరువా తెరిచింది. 'పైవాటా పిన్ని' అని మొదలుపెట్టబోయింది.

"అక్కడ కాదు," అంది పెద్దది. "పిన్నికి నేనంటే భయం."

పెన్సిలు మొన కాగితానికి ఆని ఉంది. ఆమెకు ఇంకెవరూ గుర్తురాలేదు. పిల్ల పక్కనే నిలబడి, రాస్తుందేమోనని చూస్తోంది.