రైలెక్కని ప్రతినిధి

మా పలూస్ ప్రాంతంలో పండే గోధుమలు బయటికి పోవాలంటే రైలు ఒక్కటే దారి. ఉన్నది ఒకే కంపెనీ, వాళ్ళు ఎంత కిరాయి అంటే అంత. ఆ దెబ్బకు ఇరుగుపొరుగులో కొందరు అప్పటికే పొలాలు వదులుకున్నారు. తరువాతి వంతు మాదేనని నాకు తెలుసు. ఆ వేసవిలో మా వాషింగ్టన్ ప్రాంతం కొత్త రాష్ట్రం కాబోతోంది. రైలు కిరాయిలకు కళ్ళెం వేసే కమిషన్‌ను రాజ్యాంగంలోనే పెట్టించమని మా రైతులు మా ఆయన ఎల్బర్ట్‌ను రాజ్యాంగం రాసే సభకు ప్రతినిధిగా ఎన్నుకున్నారు.

ఎన్నికైన వెంటనే కంపెనీ నుంచి ఉచిత పాసు వచ్చింది. ప్రతినిధులకూ జడ్జీలకూ పత్రికలవాళ్ళకూ పాసులు పంచడం వాళ్ళ అలవాటు. మా ఆయన దాన్ని తిప్పి పంపేలోపే పక్క పొలం హాల్వర్ బ్రెక్కే మా బల్ల మీద చూశాడు.

“ఓహో! అల్లుడికి పిలుపొచ్చినట్టుందే!”

“వెనక్కి పంపేస్తున్నానయ్యా. టికెట్ కొనుక్కునే పోతా.”

“కొంటావులే. రైల్లో ఆ డబ్బులు మళ్ళీ నీ జేబులోనే పెడితే మేమేమన్నా చూడొచ్చామా?”

“మరెలా పొమ్మంటావు, ఎగిరా?”

“బండి కట్టు. అసలు వాళ్ళ రైలే ఎక్కకు.”

బడిలో మీటింగు పెడితే అందరూ హాల్వర్ మాటకే తలూపారు. నాకు ఒళ్ళు మండిపోయింది. “నమ్మకం లేనోళ్ళు ఎందుకు ఎన్నుకున్నారు?” అని అడిగేశాను. మా ఆయన మాత్రం బండి కట్టి, కొండలకు అవతలున్న రాజధానికి ఒంటరిగా బయలుదేరాడు.

తిరిగొచ్చేసరికి సగమైపోయాడు.

“కనుమ దగ్గర గుర్రం కాలికి మేకు దిగింది. ఆగిపోయాను. నేను చేరే ముందురోజే ఓటింగ్ అయిపోయింది. కమిషన్ ఒక్క ఓటుతో పోయింది.” బూట్లు విప్పుతూ మళ్ళీ అన్నాడు: “ఇకమీదట పాసులివ్వకూడదని మాత్రం రాజ్యాంగంలో రాశారు. చప్పట్లే చప్పట్లు. రాసినవాళ్ళంతా పాసుల మీదే ఇళ్ళకు పోయారు.”

ఆయన మొహమైనా కడుక్కోకముందే, దారిలో ఎవరి దగ్గరో సంగతంతా విని హాల్వర్ దిగబడ్డాడు.

“ఆలస్యంగా చేరినందుకు ఎంతిచ్చారు ఎల్బర్ట్?”

నేను చీపురు తిరగేశాను. గేటు దాకా తరిమాను. వాడు గేటవతల నిలబడి, “నా మీద గొంతు చించుకోకమ్మా. సరిగ్గా అప్పుడే గుర్రం కుంటిందట! నువ్వేమైనా కళ్ళారా చూశావా?” అన్నాడు.

గేటు ధడాలున వేసి వచ్చాను. కానీ ఆ మాట నన్ను వదల్లేదు. గుర్రానికి ఓట్స్ పెట్టే వంకతో కొట్టంలోకి వెళ్ళాను. ఒక్కో కాలూ ఎత్తి చూశాను. వెనక కాలి గిట్టలో మేకు దిగిన రంధ్రం ఉంది, దాని చుట్టూ మందుగా తారు పూసి ఉంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

కాలు దించి వెనక్కి తిరిగాను. గుమ్మంలో నీళ్ళ బకెట్‌తో మా ఆయన నిలబడి ఉన్నాడు.

“గాయం కనబడిందా?” అని మెల్లగా అడిగాడు.